బుడిపెను తీశాను, రెప్ప అంచును చూడలేదు: మళ్లీ మళ్లీ వచ్చిన ఒక కలేజియన్ కేసు

ఆమె వయసు 34 సంవత్సరాలు. రోజులో ఎక్కువ భాగం కంప్యూటర్ ముందు కూర్చుని చేసే ఉద్యోగం. కుడి పైరెప్ప మధ్యలో నాలుగు నెలలుగా ఉన్న బుడిపె, ఆ కంటికే ఈ మధ్య మొదలైన మసక చూపు, ఈ రెండు బాధలతో నా దగ్గరకు వచ్చారు. మొదట్లో రెప్ప కొద్దిగా వాచి, ఎర్రబడి, నొప్పి పుట్టిందని, వారం పది రోజుల్లో నొప్పి తగ్గినా లోపల గింజలాంటి గట్టిదనం మాత్రం ఉండిపోయిందని చెప్పారు. ఈ నాలుగు నెలల్లో మూడు విడతలు యాంటీబయాటిక్ మాత్రలు వాడారు. ఇది ఇన్ఫెక్షన్ అని, కోర్సు పూర్తి చేస్తే కరిగిపోతుందని మూడుసార్లూ ఆమెకు చెప్పారట. రెండు నెలల కిందట కళ్లజోడు కూడా మార్చుకున్నారు. అంతకుముందు లేని సిలిండర్ నంబరు, అంటే కంటి వంపులోని వంకరను సరిచేసే నంబరు, కుడి కంటికి కొత్తగా చేరింది.

ఈ కేసులో అరుదైన విషయమేదీ లేదు. నూనె గ్రంథి మూసుకుపోవడం వల్ల వచ్చే ఈ రెప్ప బుడిపెను, అంటే కలేజియన్‌ను, కంటి వైద్యులు ఎవరైనా తరచుగా చూస్తూనే ఉంటారు. రాయడానికి కారణం వేరు. మొదటిసారి నేను చేసిన చికిత్స పద్ధతి ప్రకారం సరైనదే, కానీ అసంపూర్ణం. ఆ లోపం ఏడు వారాల తరవాత మరో రెండు బుడిపెలుగా తిరిగి నా ముందుకే వచ్చింది.

మొదటి పరీక్ష

కుడి పైరెప్పలో, వెంట్రుకల వరుసకు సుమారు 4 మిల్లీమీటర్ల పైన, 7 మిల్లీమీటర్ల వెడల్పున్న గుండ్రటి బుడిపె చేతికి తగిలింది. దాని మీది చర్మం అటూ ఇటూ సులువుగా జరుగుతోంది కాని బుడిపె కదలడం లేదు. అంటే అది చర్మంలో పుట్టినది కాదు. చర్మం కింద, రెప్పకు బిగువును, ఆకారాన్ని ఇచ్చే టార్సస్ అనే గట్టి పలకలో ఉంది. నొక్కితే నొప్పి లేదు. చుట్టూ వేడి గాని ఎరుపు గాని లేవు. రెప్పను తిప్పి చూస్తే లోపలి పొర మీద సరిగ్గా అదే చోట బూడిద రంగు కలిసిన ఎర్రటి మచ్చ కనిపించింది. వెంట్రుకలు రాలలేదు, రెప్ప అంచు ఆకారం చెడలేదు, చెవి ముందు గాని దవడ కింద గాని లింఫు గ్రంథులు వాయలేదు.

కుడి కంటి చూపు పాత కళ్లజోడుతో 6/12, కొత్త కళ్లజోడుతో 6/6, అంటే మామూలు చూపు, ఉంది. కార్నియా, అంటే కంటి ముందరి పారదర్శక పొర, వంపును కొలిస్తే రెండు దిశల మధ్య తేడా ఎడమ కంటిలో అర డయాప్టర్ (కళ్లజోడు నంబరును కొలిచే ప్రమాణం) మాత్రమే ఉండగా కుడి కంటిలో 1.75 డయాప్టర్లు ఉంది. పైరెప్పలోని గట్టి బుడిపె రోజంతా కార్నియాను నొక్కుతూ ఉంటే దాని వంపు మారుతుంది; కంటిలో దోషమేమీ లేకపోయినా సిలిండర్ నంబరు పుట్టుకొస్తుంది. కాబట్టి ఆమె కొత్త కళ్లజోడు సరిచేస్తున్నది బుడిపె కలిగించిన వంకరనే. పైరెప్పలో చెప్పుకోదగ్గ బుడిపె ఉన్నప్పుడు కళ్లజోడు నంబరు రాయడం గాని, శుక్లం ఆపరేషన్‌కు లెన్స్ కొలతలు తీయడం గాని, లేజర్‌తో నంబరు తీయించుకోవడం గాని బుడిపె పోయి కార్నియా కుదుటపడేదాకా వాయిదా వేయాలనే నియమం ఇందుకే ఉంది.

యాంటీబయాటిక్ ఎందుకు పనిచేయలేదు

మూడు కోర్సులు వాడినా తగ్గలేదంటే మందు బలం చాలలేదేమో అని ఆమె అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు గ్రంథి నిర్మాణంలో ఉంది. ప్రతి రెప్పలోని టార్సస్‌లో నూనె గ్రంథులు నిలువుగా, ఒకదాని పక్కన ఒకటిగా పేర్చినట్టు ఉంటాయి. పైరెప్పలో సుమారు 25 నుంచి 40 వరకు, కింది రెప్పలో 20 నుంచి 30 వరకు ఉంటాయి. 1666లో వీటిని వివరించిన జర్మన్ వైద్యుడు హైన్రిక్ మైబోమ్ పేరు మీదనే వీటిని మైబోమియన్ గ్రంథులు అంటాం. ఒక్కో గ్రంథి మధ్యలో ఒక నాళం, దాని చుట్టూ చిన్న చిన్న తిత్తులు ఉంటాయి. ఆ తిత్తుల్లోని కణాలు నూనెను బయటికి స్రవించవు. నూనెతో నిండిపోయి తామే పగిలి నూనెగా మారిపోతాయి. రెప్ప వాల్చినప్పుడల్లా కండరం నొక్కిడికి ఆ నూనె రెప్ప అంచున, వెంట్రుకల వరుస వెనక ఉన్న సన్నటి ద్వారాల గుండా బయటికి వచ్చి, కన్నీటి మీద పలచటి పొరగా పరుచుకుని, నీరు ఆవిరి కాకుండా కాపాడుతుంది.

నూనె చిక్కబడినా, ద్వారం దగ్గర మృతకణాలు పేరుకుని మూతలా బిగుసుకున్నా, బయటికి దారి ఆగిపోతుంది. లోపల కణాలు పగలడం మాత్రం ఆగదు. ఒత్తిడి పెరిగి నాళం గోడ చిట్లి, నూనె చుట్టూ ఉన్న కణజాలంలోకి కారుతుంది. సొంత శరీరం తయారుచేసిన నూనే అయినా, ఉండకూడని చోట చేరింది కనుక శరీరం దాన్ని పరాయి వస్తువుగానే చూస్తుంది. మింగివేయడానికి వచ్చిన రక్షణ కణాలు అంత కొవ్వును అరిగించుకోలేక, ఒకదానితో ఒకటి కలిసిపోయి పెద్ద కణాలుగా మారి, దాని చుట్టూ గోడ కడతాయి. చేతికి తగిలే బుడిపె ఆ గోడే. అందులో మందుకు చంపవలసిన క్రిమి లేదు.

కంటి కురుపు వేరు. అది వెంట్రుక మూలంలోని గ్రంథికో, లోపలి మైబోమియన్ గ్రంథికో, ఎక్కువగా స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా సోకడం వల్ల వస్తుంది. రెండు మూడు రోజుల్లో ఎర్రబడి, సలుపుతూ, చీము పట్టి, తరచుగా తనంతట తానే చితికి తగ్గిపోతుంది. అయితే కురుపుకూ కలేజియన్‌కూ మధ్య గీత అంత స్పష్టమైనది కాదు. లోపలి కురుపు తగ్గుతూ కలేజియన్‌ను మిగిల్చిపోవచ్చు, కలేజియన్ కూడా మొదటి వారంలో వాచి నొప్పి పెట్టవచ్చు. ఆమెకు మొదటిసారి మందు రాసిన వారిని నేను తప్పుపట్టను. రెండోసారి, మూడోసారి రాసినప్పుడు మాత్రం రెప్పను వేలితో నొక్కి చూసి ఉంటే బాగుండేది. నెలల తరబడి నొప్పి లేకుండా, వేడి లేకుండా ఉన్న గడ్డకు యాంటీబయాటిక్ మాత్రలతో పనిలేదు.

మొదటి చికిత్స

కొత్తగా వచ్చిన కలేజియన్‌కు కాపడం, మర్దన చాలు. చాలావరకు కొన్ని వారాల్లో, కొన్ని నెలల్లో కరిగిపోతాయి. కాని ఇది నాలుగు నెలల నాటిది, గట్టిపడింది, చూపును మారుస్తోంది. అందువల్ల కోసి శుభ్రం చేయడమే మంచిదని చెప్పాను, ఆమె ఒప్పుకున్నారు.

రెప్పలోకి లిగ్నోకెయిన్, అడ్రినలిన్ కలిపిన మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, గుండ్రటి క్లాంప్‌తో బుడిపెను బిగించి, రెప్పను తిప్పి, లోపలి వైపు నుంచి నిలువుగా గాటు పెట్టాను. నిలువు గాటుకు కారణం గ్రంథులు నిలువుగా ఉండటమే. అడ్డంగా కోస్తే ఒక్క జబ్బు గ్రంథి కోసం దాని పక్కనున్న నాలుగైదు మంచి గ్రంథులు తెగుతాయి. గాటు రెప్ప అంచుకు కనీసం 2 మిల్లీమీటర్ల దూరంలో ఆగిపోవాలి, లేకపోతే అంచున గంటు పడుతుంది. లోపలున్న జిగురులాంటి బూడిద రంగు పదార్థాన్ని క్యూరెట్ అనే చిన్న గరిటెలాంటి పరికరంతో గోకి తీసి, మిగిలిన గోడ ముక్కలను కత్తిరించాను. కుట్లు అవసరం లేదు. కొన్ని నిమిషాలు గట్టిగా అదిమి పట్టి, యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ పెట్టి, కొన్ని గంటల పాటు కట్టు కట్టి పంపించాను. మొత్తం పని పదిహేను నిమిషాలు కూడా పట్టలేదు.

ఆ పదిహేను నిమిషాల్లో చేయనిది ఒకటి ఉంది. పక్కనున్న గ్రంథులను నొక్కి చూడలేదు. ఎడమ కంటి రెప్పలను తిప్పి చూడలేదు. కాపడం గురించి వెళ్లేటప్పుడు ఒక మాట చెప్పాను, ఎలా పెట్టాలో చూపించలేదు. బుడిపె పోయింది కనుక పని పూర్తయిందనుకున్నాను.

ఏడు వారాల తరవాత

ఆమె తిరిగి వచ్చినప్పుడు చెప్పిన మొదటి మాట బుడిపె గురించి కాదు. కొత్త కళ్లజోడు పెట్టుకుంటే తలనొప్పి వస్తోందని, పాతదే బాగుందని చెప్పారు. కొలిస్తే కుడి కంటి వంపు తేడా 1.75 నుంచి 0.50 డయాప్టర్లకు దిగింది. కార్నియా తన ఆకారానికి తాను వచ్చేసింది, కళ్లజోడు మాత్రం పాత వంకరను ఇంకా దిద్దుతోంది. ఇంతవరకు ఊహించినదే. ఊహించనివి రెండు. కుడి పైరెప్పలో పాత చోటుకు ఆనుకుని మరో చిన్న బుడిపె లేచింది. ఎడమ కింది రెప్పలో, ముక్కు వైపు, కన్నీరు పోయే రంధ్రానికి దగ్గరగా ఇంకొకటి వచ్చింది.

ఈసారి స్లిట్ ల్యాంప్ అనే కంటి సూక్ష్మదర్శిని దగ్గర తొందరపడలేదు. నాలుగు రెప్పల అంచులూ మందంగా, గుండ్రంగా ఉన్నాయి. అంచు మీద సన్నటి రక్తనాళాలు దారాల్లా పాకి ఉన్నాయి. కొన్ని గ్రంథి ద్వారాల మీద తెల్లటి మూతలు, కంటి మూలల్లో సబ్బు నురుగులాంటి బుడగలు కనిపించాయి. కింది రెప్పను బొటనవేలితో నెమ్మదిగా నొక్కితే తేటగా, నూనెలా రావలసిన స్రావం టూత్‌పేస్ట్‌లా చిక్కటి తీగగా వచ్చింది. కొన్ని ద్వారాల నుంచి ఏమీ రాలేదు. కన్నీటి పొర రెప్ప తెరిచిన నాలుగో సెకనులోనే చిట్లిపోతోంది. ఇది 10 సెకన్లకు తగ్గకుండా ఉండాలి. గ్రంథులను ఫొటో తీసే యంత్రాలు ఇప్పుడు ఉన్నాయి, ఎన్ని గ్రంథులు ఎండిపోయాయో అవి చక్కగా చూపిస్తాయి. కాని ఈ రోగ నిర్ధారణకు నా బొటనవేలు సరిపోయేది, మొదటి రోజే వాడి ఉంటే.

అడగవలసిన ప్రశ్నలు కూడా అప్పుడే అడిగాను. సాయంత్రమయ్యేసరికి కళ్లు మండుతాయా అంటే ఏడాదిగా అలాగే ఉందన్నారు, స్క్రీన్ వల్ల అనుకున్నారట. ఎండలోకి వెళ్లినా, వేడిగా ఏమైనా తాగినా బుగ్గలు, ముక్కు వేడెక్కి మండుతాయా అంటే, అది తన చర్మం తీరు అనుకున్నానన్నారు. రోజేషియా అనే చర్మవ్యాధికీ రెప్ప గ్రంథుల జబ్బుకూ దగ్గరి సంబంధం ఉంది. ముదురు రంగు చర్మంలో ఎరుపు పైకి స్పష్టంగా కనిపించదు కనుక చూసి పట్టుకోవడం కష్టం, అడిగి తెలుసుకోవాలి. చర్మవైద్యులు పరీక్షించి రోజేషియానే అని నిర్ధారించారు, దానికి చికిత్స వారే మొదలుపెట్టారు.

స్క్రీన్ సంగతి కూడా పూర్తిగా తోసిపుచ్చదగినది కాదు. తదేకంగా స్క్రీన్ చూసేటప్పుడు రెప్ప వాల్చడం సగానికి సగం తగ్గుతుంది, వాల్చినా పైరెప్ప కిందిదాకా రాదు. రెప్ప పూర్తిగా మూతపడి నొక్కితేనే గ్రంథి ఖాళీ అవుతుంది. అప్పటికే చిక్కబడిన నూనె ఉన్న గ్రంథికి ఆ నొక్కిడి కూడా అందకపోతే అది నిలవ ఉండి గట్టిపడటంలో ఆశ్చర్యం లేదు.

రెండు బుడిపెలు, రెండు దారులు

ఎడమ కింది రెప్పలోని బుడిపె కన్నీటి రంధ్రానికి దగ్గరలో ఉంది. అక్కడ కోస్తే కన్నీటి నాళిక తెగే ప్రమాదం ఉంది. తెగితే కన్ను ఎప్పుడూ నీరు కారుతూ ఉండవచ్చు. అందువల్ల అక్కడ ట్రయామ్సినలోన్ ఇంజెక్షన్‌ను ఎంచుకున్నాను. ఈ స్టెరాయిడ్‌ను చర్మం వైపు నుంచి ఇస్తే, ముఖ్యంగా ముదురు రంగు చర్మంలో, తెల్లటి మచ్చ పడవచ్చు, కింది కొవ్వు కరిగి గుంట పడవచ్చు. కాబట్టి రెప్పను తిప్పి లోపలి వైపు నుంచి, మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల సాంద్రత ఉన్న మందును 0.2 మిల్లీలీటర్లు మాత్రమే, సూది రక్తనాళంలో లేదని ఒకసారి వెనక్కు లాగి చూసుకుని, మెల్లగా ఇచ్చాను. వేగంగా, బలంగా ఇచ్చిన మందు రక్తనాళంలోకి ఎదురెక్కి కంటి వెనక భాగానికి చేరడం, చూపు పోవడం చాలా అరుదు. కాని జరిగిన సంఘటనలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. కంటి పీడనాన్ని ముందూ తరవాతా కొలిచాను. మూడు వారాల్లో ఆ బుడిపె కరిగిపోయింది.

కుడి పైరెప్పలోనిది వేరే ఆలోచన రేపింది. అది పక్క గ్రంథిలో కొత్తగా పుట్టినదా, లేక పాతదే మిగిలిపోయి మళ్లీ పెరిగినదా అని ఖాయంగా చెప్పలేకపోయాను. ఒకే చోట తిరిగి వచ్చే కలేజియన్ ఎదురైతే సెబేషియస్ కార్సినోమా, అంటే ఈ నూనె గ్రంథిలోనే పుట్టే క్యాన్సర్, గుర్తుకు రావాలి. అది తరచుగా కలేజియన్ వేషంలో వస్తుంది. పైరెప్పలో గ్రంథులు ఎక్కువ కనుక అక్కడే ఎక్కువగా వస్తుంది. చాలా ఏళ్ల కిందట అరవై దాటిన ఒకరు నా దగ్గరకు వచ్చారు. అంతకుముందు అదే బుడిపెను రెండుసార్లు గోకి తీశారు, రెండుసార్లూ తీసిన ముక్కను పరీక్షకు పంపలేదు. నేను చూసేసరికి ఆ చోట వెంట్రుకలు లేవు, అంచు మందమైంది. క్యూరెట్‌కు జిగురులా రావలసినది పసుపు రంగు గట్టి ముక్కలుగా వచ్చింది. రిపోర్టు వచ్చాక రెప్పలో పెద్ద భాగాన్ని తీసి మళ్లీ నిర్మించవలసి వచ్చింది.

ఈమె వయసు తక్కువ, వెంట్రుకలు ఉన్నాయి, అంచు చెడలేదు, మిగతా రెప్పల్లో కూడా అదే జబ్బు కనిపిస్తోంది. క్యాన్సర్ అవకాశం చాలా తక్కువ. అయినా కోసి తీసినదాన్ని, గోడ ముక్కతో సహా, బయాప్సీకి పంపాను. పంపేటప్పుడు కాగితం మీద కలేజియన్ అని మాత్రమే రాస్తే చాలదు. ఒకే చోట తిరిగి వచ్చిందని, సెబేషియస్ కార్సినోమా కాదని తేల్చాలని స్పష్టంగా రాయాలి. అనుమానం బలంగా ఉంటే ముందుగా పాథాలజిస్టుతో మాట్లాడటం ఇంకా మంచిది, ఎందుకంటే కొవ్వుకు రంగు పట్టించే ప్రత్యేక పరీక్షకు ఆల్కహాలు, జైలీన్ తగలని ముక్క కావాలి. మామూలు పద్ధతిలో స్లైడ్ తయారుచేసేటప్పుడు కొవ్వు ఆ ద్రావకాల్లో కరిగిపోతుంది. రిపోర్టులో ఆ కరిగిపోయిన కొవ్వు వదిలిన ఖాళీ గుండ్రాలు, వాటి చుట్టూ ఎపిథెలియాయిడ్ కణాలు, బహుకేంద్రక మహాకణాలు (పైన చెప్పిన గోడ కట్టే రక్షణ కణాలే) ఉన్నాయని, క్యాన్సర్ కణాలు లేవని వచ్చింది. ఆ మాట ఫోనులో చెప్పినప్పుడు, "ఈ అనుమానం మీకు ఉందని నాకు ముందే చెప్పారు కాబట్టి వారం రోజులు నిద్రపోలేదండీ, చెప్పకపోయి ఉంటే కోపం వచ్చేది" అన్నారు. రెండూ నిజమే అనుకుంటాను.

కాపడం ఎలా పెడుతున్నారో చూపించమన్నాను

తిరిగి వచ్చిన రోజే కాపడం పెడుతున్నారా అని అడిగాను, రోజూ పెడుతున్నానన్నారు. చూపించమన్నాను. గోరువెచ్చని నీళ్లలో పలచటి గుడ్డ ముంచి, పిండి, కంటి మీద ఒక నిమిషం ఆనించి తీసేశారు. ఇది ఆమె పొరపాటు కాదు, నేను చెప్పినది అంతే. జబ్బుపడిన గ్రంథిలోని నూనె మామూలు నూనె కన్నా ఎక్కువ వేడికి గాని కరగదు. రెప్ప మీద సుమారు 40 డిగ్రీల సెల్సియస్ వేడి కొన్ని నిమిషాలు ఆగకుండా నిలవాలి. తడి గుడ్డ రెండు నిమిషాల్లోనే చల్లారుతుంది. కాబట్టి మందమైన గుడ్డలు రెండు పెట్టుకుని మార్చుకుంటూ ఉండాలి, లేదా వేడిని నిలుపుకునే కంటి మాస్క్ వాడాలి. కళ్లు మూసుకుని, 5 నుంచి 10 నిమిషాలు, రోజుకు రెండుసార్లు పెట్టాలి. ముంజేతి లోపలి వైపు ఆనించి చూసి, చురుక్కుమనకుండా ఓర్చుకోగలిగినంత వేడే ఉండాలి. రెప్ప చర్మం శరీరంలోకెల్లా పలచనిది, కాలిన కేసులు నేను చూశాను.

కాపడం తీసిన వెంటనే, నూనె కరిగి ఉన్నప్పుడే మర్దన చేయాలి: పైరెప్పను పైనుంచి కిందికి, కింది రెప్పను కిందనుంచి పైకి, అంటే రెండింటినీ వెంట్రుకల వైపుకు. కనుగుడ్డును అదమకూడదు. తరవాత రెప్ప అంచును, వెంట్రుకల మొదళ్లను రెప్పలకోసం తయారైన ద్రావణంలో ముంచిన దూదితో తుడవాలి. వెంట్రుకల లోపలి అంచున ఐలైనర్ గీసుకునే అలవాటు ఉంటే మానమన్నాను, అది ఆ ద్వారాల మీదనే పడుతుంది.

మందుగా ఇలాంటి రోగులకు నేను ఎక్కువగా రాసేది డాక్సీసైక్లిన్ మాత్రలు, కొన్ని వారాల పాటు, తక్కువ మోతాదులో. యాంటీబయాటిక్ మీద ఇంత చెప్పి మళ్లీ అదే రాయడం వింతగా అనిపించవచ్చు. ఇక్కడ అది క్రిములను చంపడానికి కాదు. రెప్ప మీది బ్యాక్టీరియా తయారుచేసే, నూనెను విరగ్గొట్టి చెడగొట్టే ఎంజైమును అది అణచివేస్తుంది, వాపును కూడా తగ్గిస్తుంది. అయితే గర్భం కోసం ప్రయత్నిస్తున్నామని ఆమె చెప్పారు. గర్భిణులకు, ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు ఆ మందును మేం ఇవ్వం, ఎదిగే పళ్లకు, ఎముకలకు అది పట్టుకుంటుంది కనుక. అందువల్ల 1 శాతం అజిత్రోమైసిన్ చుక్కలను రాత్రిపూట ఒకసారి, నాలుగు వారాలు వాడించాను.

తరవాతి ఏడాది

ఆరు వారాలకు రెప్పను నొక్కితే స్రావం ఇంకా మబ్బుగానే ఉంది కాని తీగలా కాకుండా చుక్కలుగా వచ్చింది. సాయంత్రపు మంట తగ్గిందన్నారు. మూడో నెలలో కన్నీటి పొర ఎనిమిది సెకన్ల దాకా నిలిచింది. కళ్లజోడును అప్పుడు మళ్లీ పరీక్షించి, కుడి కంటి సిలిండర్ నంబరు తీసేసి కొత్తది రాసిచ్చాను.

తొమ్మిదో నెలలో పని ఒత్తిడి వల్ల కాపడం కొన్ని వారాలు మానేశారు. ఎడమ పైరెప్పలో బఠాణీ గింజకన్నా చిన్న బుడిపె వచ్చింది. ఈసారి ఆమె నా దగ్గరకు రాలేదు, మాత్రలు వాడలేదు. రోజుకు నాలుగుసార్లు కాపడం పెట్టి, మర్దన చేశారు. మూడు వారాల్లో అది పోయిందని ఏడాది పరీక్షకు వచ్చినప్పుడు చెప్పారు.

ఆ రోజు నాలుగు రెప్పలూ నొక్కి చూశాను. చాలా ద్వారాల నుంచి తేటగా నూనె వచ్చింది. కుడి పైరెప్పలో నేను రెండుసార్లు కోసిన చోట రెండు ద్వారాలు మచ్చకట్టి మూసుకుపోయాయి, వాటి నుంచి ఇక ఏమీ రాదు. మొదటి రోజే రెప్పను నొక్కి చూసి, కాపడం నేర్పి పంపి ఉంటే రెండో గాటు తప్పేదా అని ఆమె అడిగారు. తప్పి ఉండవచ్చన్నాను. వారానికి మూడుసార్లు కాపడం కొనసాగించమని చెప్పి, తరవాతి పరీక్షకు ఆరు నెలల గడువు రాశాను.